తూనికరాయి సన్యాసినాయుడు

మార్తాండ్ గొప్ప పాటల రచయితా, లేక గొప్ప రచయిత అని పేరు మాత్రమే ఉన్నవాడా అన్న సంగతి తేలక ఆ ఏడాది విశాఖపట్నంలో రెండు నిశ్చితార్థాలు తప్పిపోయాయి. ఒక హాస్టల్లో మెస్సు రెండు ముక్కలైంది. బీచ్ రోడ్డులో ఒక షామియానా తగలబడింది. మార్తాండ్ రాక్ పాటలు రాస్తాడు, గిటారు పట్టుకుని తనే పాడతాడు. అతను దగ్గినా అందులో అంతరార్థం ఉందనేవాళ్లు ఒక పక్షం. వాళ్లకు పోటీగా పుట్టింది 'అంతలేదు సంఘం'. వీళ్ల సిద్ధాంతం చాలా చిన్నది. బాగానే రాస్తాడు గానీ అంత లేదు, అంతే. మరి ఎంత లేదయ్యా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా లెక్క లేదు.

లెక్క లేనిచోట ప్రభుత్వం ఊరికే కూర్చోదు. ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి జనానికి అంటగట్టడం ఏ శాఖ కిందికి వస్తుందని రాజధానిలో పెద్దలు మూడు వారాలు ఆలోచించారు. తొమ్మిది వందల గ్రాముల కందిపప్పుని కిలో అని అమ్మితే ఎవరు పట్టుకుంటారో, తొమ్మిదణాల కవిని రూపాయి అని చలామణీ చేస్తే కూడా వాళ్లే పట్టుకోవాలని తేల్చారు. అలా తూనికలు కొలతల శాఖలో 'కీర్తి తూనికల విభాగం' వెలిసింది. దానికి అధిపతి డిప్యూటీ కంట్రోలర్ కొచ్చెర్లకోట నరహరిరావు గారు. ముప్పై ఏళ్లు పెట్రోలు బంకుల్లో లీటర్లు కొలిచిన మనిషి. పాటలంటే ఆయనకు ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఈ పనికి అంతకు మించిన అర్హత ఉండదని ప్రభుత్వం భావించింది.

చార్జి తీసుకున్న రోజే ఆయన సిబ్బందిని కూర్చోబెట్టి అసలు ఇబ్బంది చెప్పారు. ఏ కొట్టులో రాళ్లయినా సరే, ఏడాదికోసారి ఆఫీసుకు తెచ్చి, గాజుపెట్టెలో ఉన్న ప్రామాణికపు రాయితో సరిచూసి ముద్ర వేస్తారు. మార్తాండ్‌ని తూచాలంటే ముందు అవతలి పళ్లెంలో పెట్టడానికి రాయి కావాలి. అంటే ప్రతిభ ఎంతో పేరూ సరిగ్గా అంతే ఉన్న రచయిత ఒకడు కావాలి. వీసమెత్తు ఎక్కువ ఉండకూడదు, తక్కువా ఉండకూడదు. "సదరు ప్రామాణికాన్ని అన్వేషించి, స్వాధీనపరచుకుని, సీలువేసి నివేదించవలసినది" అని ఇన్‌స్పెక్టర్ పోలిశెట్టి లోవరాజుకు మెమో ఇచ్చారు.

లోవరాజు మూడు జిల్లాలు తిరిగాడు. కవులు దొరకలేదని కాదు, కాలు పెడితే కవే. కానీ తనకు రావలసినంత పేరు వచ్చిందని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. ఒకాయన రావలసిన దాంట్లో పదోవంతే వచ్చిందన్నాడు. ఇంకొకాయన తన పేరు మార్తాండ్ ఎత్తుకుపోయాడని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. చెప్పులరిగి, చివరికి అనకాపల్లిలో ఒక మైకుసెట్టు దుకాణం ముందు టీ తాగుతుంటే కర్రి సన్యాసినాయుడు తగిలాడు.

సన్యాసినాయుడికి నలభై నాలుగేళ్లు. పెళ్లిళ్లకు, మీటింగులకు స్పీకర్లు కట్టే పని. కుర్రతనంలో బెల్లం గానుగల దగ్గర పనిచేసే స్నేహితులతో కలిసి 'పెనం' అని రాక్ బ్యాండ్ పెట్టాడు. ఇరవై ఏళ్లలో తొమ్మిది పాటలు రాశాడు. ఊళ్లో నలభై ఒక్కమంది అవి విన్నారు. ఎలా ఉన్నాయని లోవరాజు ఇంటింటికీ వెళ్లి అడిగితే నలభై ఒక్కమందీ ఒకే మాట అన్నారు, పర్లేదని. విభాగం వేసిన నిపుణుల కమిటీ తలుపులు మూసుకుని తొమ్మిది పాటలూ రెండేసిసార్లు విని, పన్నెండు పేజీల నివేదికలో అదే మాట రాసింది. జనం పర్లేదన్నారు, సరుకూ పర్లేదు. ముల్లు నిలువునా నిలబడింది.

ఆఖరి ప్రశ్న లోవరాజే, మళ్లీ ఆ మైకుసెట్టు దుకాణం ముందు టీ తాగుతూ అడిగాడు, నీకు రావలసిన పేరు నీకొచ్చిందనుకుంటున్నావా అని.

"వచ్చీసిందండి. నాను రాసిందానికి అంతకన్నా ఏటొస్తాదండి," అన్నాడు సన్యాసినాయుడు వైరు చుట్టుకుంటూ.

లోవరాజు టీ గ్లాసు కింద పెట్టి, "ఆయ్, దొరికేశాడండి" అని అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

ఉత్తర్వు వచ్చిన రోజు సన్యాసినాయుడు దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. 'శ్రీ కర్రి సన్యాసినాయుడు, ప్రామాణిక కవి' అని ఉంది అందులో. ఇరవై ఏళ్లలో అతన్ని మైకుసెట్టు నాయుడు అన్నారు, పెనం నాయుడు అన్నారు, కవి అని మాత్రం ఎవరూ అనలేదు. నిజం చెప్పొద్దూ, అతని కళ్లు చెమర్చాయి. కింద చిన్న అక్షరాల్లో షరతులు ఉన్నాయి. ప్రామాణికం ఇకపై కొత్త పాట రాయరాదు, రాస్తే ప్రతిభ మారును. ఎవరూ దానిని పొగడరాదు, తెగడరాదు, చేసినచో కీర్తి మారును. భార్య గౌరీశ్వరి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "పాటలు రాయొద్దని జీతం ఇత్తారా మావా, ఇదేటి చోద్యం?" అంది. తను రెండేళ్లుగా ఒక్క పాటా రాయలేదని, ఆ లెక్కన రెండేళ్ల జీతం నష్టపోయామని అతను నవ్వి సంతకం పెట్టాడు.

విశాఖపట్నం ఆఫీసులో మొదటి అంతస్తులో అతనికో గది ఇచ్చారు. మూడు పక్కలా గాజు. ఏసీ ఇరవై మూడు డిగ్రీల మీద బిగించి, మీటకు లక్కముద్ర వేశారు. పొద్దున్న పదికి వచ్చి కుర్చీలో కూర్చోవాలి, సాయంత్రం అయిదుకు లేవాలి. వారానికోసారి మార్తాండ్ పాట ఒకటి తెచ్చి వినిపిస్తారు. ఆ పక్కనే సన్యాసినాయుడి పాటా వినిపిస్తారు. ముగ్గురు సాంకేతిక సహాయకులు చెవులొగ్గి, ఇది దానికి ఎన్ని రెట్లో ఫారంలో నింపుతారు. కొలమానం పేరు 'పర్లేదు'. ఒక పాట ఆరు పర్లేదులు తూగింది, ఇంకొకటి నాలుగున్నర. నరహరిరావు గారు దశాంశ స్థానాలు మూడు ఉండాలని పట్టుబట్టడంతో పని నత్తనడక నడిచింది.

మొదటి నెల హాయిగానే ఉంది. రెండో నెలలో అసలు కష్టం మొదలైంది. ఇరవై ఏళ్లు తీరుబడిగా, బుద్ధి పుట్టినప్పుడు, రెండేళ్లకో పాట రాసిన మనిషికి, రాయకూడదని తెలిసిన మరుక్షణం నుంచి పాటలు ముసురుకోవడం మొదలెట్టాయి. గాజు అవతల గుమాస్తా ఆవులిస్తే పల్లవి వచ్చేది. ఫ్యాను లేని గదిలో ఫ్యాను మీద చరణం వచ్చేది. నోరు నొక్కుకుని కూర్చునేవాడు. ఒకరోజు తెలియకుండా కూనిరాగం తీస్తే మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది. "ప్రామాణికము నుండి ధ్వని వెలువడినట్లు పరిశీలనకు వచ్చినది. సదరు ధ్వని పాత పాటకు సంబంధించినదా, కొత్తదా అన్న విషయమై మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను." తుమ్మబోయి ఆపుకున్నానని రాసిచ్చి బయటపడ్డాడు.

గౌరీశ్వరికి సంగతి అర్థమైంది. ఇంట్లో తలుపేసుకుని రాసుకోమంది. అతను వద్దన్నాడు. కవి అని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం ఒక్కటే తన దగ్గరుంది. పాట రాస్తే ఆ కాగితం పోతుంది. రాయకపోతే ఆ కాగితానికి అర్థం పోతుంది. ఈ ముడి ఎలా విప్పాలో అతనికి తెలియలేదు. ముడి అలాగే ఉంచి ఇంకో మూడేళ్లు కుర్చీలో కూర్చున్నాడు.

ప్రామాణికం చెడకుండా ఉండాలంటే కవి ఒక్కడినీ కాపాడితే చాలదు, నలభై ఒక్క శ్రోతలనీ కాపాడాలి. అందుకని నెలనెలా లోవరాజు అనకాపల్లి వెళ్లి హాజరు తీసుకునేవాడు. అందరూ ఉన్నారా, అందరికీ ఇంకా పర్లేదనే ఉందా అని అడిగి సంతకాలు పెట్టించుకునేవాడు. ఒకామెకు మూడో పాట ఈమధ్య కాస్త ఎక్కువ నచ్చుతోందని తెలిసి, ఆమెను పిలిపించి మందలించారు. అంతా సవ్యంగా సాగుతుండగా ఏడో నంబరు శ్రోత, రిటైర్డ్ రైల్వే గార్డు సూర్రావు, ఎనభై రెండో ఏట నిద్రలోనే పోయాడు.

పెనం బ్యాండ్ ఎక్కడ పాడినా ముందు వరసలో కూర్చున్న మనిషి సూర్రావు. నలుగురే వచ్చిన రోజున కూడా ఆ నలుగురిలో ఉన్నాడు. సన్యాసినాయుడు నరహరిరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, దహనానికి వెళ్లొస్తానని అడిగాడు. ఆయన కఠినాత్ముడేమీ కాదు. సానుభూతిగానే రూల్సు పుస్తకం తిరగేశారు.

"చూడు నాయుడూ, పనివేళల్లో ప్రామాణికాన్ని నియమిత ఉష్ణోగ్రత నుంచి తరలించడానికి వీల్లేదు. పైగా శ్మశానంలో నీకు దుఃఖం కలిగితే ప్రతిభలో హెచ్చుతగ్గులు వస్తాయి. దానికి ఎవరు బాధ్యులు? పోయినాయన ఖాళీ మాత్రం వెంటనే భర్తీ చేయిస్తాను, బెంగపెట్టుకోకు," అన్నారు.

సన్యాసినాయుడు తిరిగొచ్చి ఇరవై మూడు డిగ్రీల గదిలో కూర్చున్నాడు. ఏడుపుతో పాటు పాట కూడా వచ్చింది. రెంటినీ లోపలే దిగమింగుకున్నాడు.

ఖాళీ భర్తీ అనే మాట నరహరిరావు గారు ఓదార్పుకి అన్నారు గానీ, ఆఫీసులో అన్న మాట ఊరికే పోదు. శ్రోత పోస్టు ఒకటి, శాశ్వత ప్రాతిపదికన, పింఛను సదుపాయంతో అని నోటిఫికేషన్ వెలువడింది. అభ్యర్థికి కర్రి సన్యాసినాయుడి తొమ్మిది పాటలు తెలిసి ఉండాలి, అవి అతనికి పర్లేదనిపించాలి. మొదటిది రాతపరీక్షలో, రెండోది ఇంటర్వ్యూలో చూస్తారు. ఒక్క పోస్టుకు అరవై మూడు వేల దరఖాస్తులు వచ్చాయి.

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లు వారం రోజుల్లో గోడలన్నీ పోస్టర్లతో నింపేశాయి. 'తొమ్మిది పాటలు తొంభై రోజుల్లో.' మెటీరియల్ అచ్చయింది, మోడల్ పేపర్లు వచ్చాయి. గానుగ మీద రాసిన పాటలో ఎద్దు ఎన్ని చుట్లు తిరిగెను? ప్యాసింజరు రైలు పాటలో కథానాయకుడు ఎదురుచూసిన స్టేషనులో ప్లాట్‌ఫారముల సంఖ్య ఎంత? తెల్లారేసరికి అద్దెగదుల మేడల మీద వందలమంది అటూ ఇటూ పచార్లు చేస్తూ, నాయుడి చరణాలు ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా వల్లించేవాళ్లు. కోచింగులో పాట వినిపించరు, టైం వేస్టు. రాగం సిలబస్‌లో లేదు.

పరీక్ష అయ్యాక ఎద్దు చుట్ల ప్రశ్న కోర్టుకెక్కింది. జవాబుల కీలో ఏడు అని ఇచ్చారు, తొమ్మిది అని పెట్టినవాళ్లు మొరపెట్టుకున్నారు. రాసినవాడినే అడుగుదామని ఎవరికో బుద్ధి పుట్టి సన్యాసినాయుణ్ణి నిపుణుడిగా పిలిచారు. చుట్లు లెక్కపెట్టి రాయలేదని, అదేదో రాగంలో కుదిరిందని అతను చెప్పాడు. కోర్టు వేసిన కమిటీ అతని సమాధానాన్ని పరిశీలించి, ప్రామాణిక గ్రంథాల ఆధారం లేనందువల్ల తిరస్కరించింది. ఏడే ఖాయమైంది.

ఈ సందడి ముగిశాక విభాగానికి ఒక చిన్న చిక్కు కనిపించింది. ఏటా చేయవలసిన సరిచూపు చేస్తే, నలభై ఒక్కమంది శ్రోతలున్న ప్రామాణికానికి ఇప్పుడు అరవై మూడు వేలమంది తేలారు. రాష్ట్రంలో ఏ కవి పాటలూ ఇంతమందికి ఇంత తప్పుల్లేకుండా కంఠతా రావు. కీర్తి పదిహేను వందల రెట్లు పెరిగింది, ప్రతిభ ఉన్నచోటే ఉంది. ఈ రాయితో మళ్లీ తూస్తే మార్తాండ్ ఒక పర్లేదులో వందోవంతు కూడా తూగలేదు. అంటే అతనికి రావలసిన పేరు బొత్తిగా రాలేదన్నమాట. ఆ ముక్క ఎలాగో బయటికి పొక్కింది. మార్తాండ్ అభిమానులు ఊరేగింపు తీశారు. అంతలేదు సంఘం వాళ్లు ఆఫీసు అద్దాలు పగలగొట్టారు. మార్తాండ్ కన్నా గొప్ప పేరున్న ఈ నాయుడెవడు, అతనికి మాత్రం అంతుందా అని రెండు పక్షాల వాళ్లూ కలిసి అడిగారు. ఆ రెండు పక్షాలూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదటిసారి.

నరహరిరావు గారు కంగారుపడే మనిషి కాదు. అరిగిన రాయిని ఏం చేయాలో, బరువెక్కిన రాయిని ఏం చేయాలో రూల్సులో ఉంది. సన్యాసినాయుణ్ణి పిలిచి, లేచి నిలబడి, కాగితం చదివారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రామాణికము నిర్ణీత పరిమితికి మించి కీర్తిని సంగ్రహించినట్లు రుజువైనందున, దానిని సేవ నుండి ఉపసంహరించి, ఎవరూ పొరపాటున కవిగా వినియోగించకుండుటకై రద్దు ముద్ర వేయడమైనది." లోవరాజు ముఖం అటు తిప్పుకుని, 'ప్రామాణిక కవి' అన్న ఉత్తర్వు మీద ఆ చివర నుంచి ఈ చివరకు ఎర్రసిరాతో ముద్ర కొట్టాడు.

సన్యాసినాయుడు ఒక్కటే అడిగాడు, ఇప్పుడింక పాటలు రాసుకోవచ్చా అని.

"రద్దయిన రాయి ఎంత తూగితే ఎవరికి కావాలయ్యా," అన్నారు నరహరిరావు గారు. అంతలోనే కొత్త ప్రామాణికం గాజుగదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈసారి విభాగం ఏ లోటూ రానివ్వలేదు. ఈ కొత్త మనిషి జన్మలో ఒక్క పాటా రాయలేదు, అతన్ని కవిగా ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ప్రతిభ సున్నా, కీర్తి సున్నా. ఎండకి వ్యాకోచించదు, చలికి కుంచించుకోదు. ఆ మధ్యాహ్నమే తుది నివేదిక తయారైంది. దాని ప్రకారం మార్తాండ్‌కు ఉండవలసిన దానికన్నా పేరు ఎక్కువే ఉంది. అతనికే కాదు, ఇంతవరకూ ఏదైనా రాసిన ప్రతి ఒక్కరికీ ఎక్కువే ఉంది.

ఆ నివేదిక అచ్చుకు వెళుతున్న వేళకు సన్యాసినాయుడు మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాడు. నాలుగేళ్ల తర్వాత పనివేళల్లో ఎండ తగిలింది. గేటు ముందు అభ్యర్థులు ధర్నాకు కూర్చున్నారు. పాత ప్రామాణికం రద్దయింది కాబట్టి శ్రోత పోస్టూ రద్దయిందని ఉదయమే తెలిసింది వాళ్లకు. అతను వాళ్ల మధ్య నుంచే నడిచి వెళ్లాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. అతని ఫోటో మెటీరియల్‌లో లేదు.

ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఒకామె కూర్చుని, ఒళ్లో లావుపాటి మెటీరియల్ పుస్తకం పెట్టుకుని, అట్ట వైపే చూస్తోంది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. పక్కన చోటుంటే సన్యాసినాయుడు కూర్చున్నాడు. ఆమెకు ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉన్నట్టుంది, అడక్కుండానే చెప్పింది. పేరు హైమావతి, ఊరు చోడవరం. ఆరేళ్ల నుంచి ఏ నోటిఫికేషన్ పడితే అది రాస్తోంది. ఈసారి రెండో ర్యాంకు, అరమార్కులో పోయింది. ఎద్దు తొమ్మిది చుట్లు తిరిగిందని పెట్టింది. ఇప్పుడు ఆ పోస్టే లేదు. వయసు మీరిపోయింది, ఇంక రాయడానికి పరీక్షలు లేవు.

"ఆ సన్యాసినాయుడెవడో గాని, ఆడు రాసిన పాటలు ఎనిమిది నెల్లు బట్టీ కొట్టీసేనండి. ఇప్పుడు పాటన్నది ఏది వినపడినా చెవులు మూసీసుకుంటాను. చిన్నప్పుడు నాను మా ఈదిలో పాటలపిచ్చిదాన్నండి," అంది.

సన్యాసినాయుడు తల వంచుకున్నాడు. సిగ్గేసింది, ఆ తర్వాత చాలా బాధేసింది. క్షమించమని అడగాలనిపించింది గానీ ఏమని అడగాలి? నోరు తెరిచాడు. మాటకు బదులు నాలుగేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉన్నది బయటికి వచ్చేసింది. గిటారు లేదు, తాళం లేదు. బల్ల చెక్క మీద వేళ్లతో కొడుతూ సన్నగా పాడాడు.

*దుమ్ము దులపకండి బాబూ నా మీద,*
*ఇన్నాళ్లూ నాతో ఉన్నది అదే.*
*కిటికీ తెరిస్తే గాలొస్తాదని మీ భయం,*
*తెరవకపోతే పాటొస్తాదని నా భయం.*

ఇంకా రెండు చరణాలు ఉన్నాయి, అవీ పాడాడు. టీకొట్టతను గ్లాసులు కడగడం ఆపలేదు. గేటు దగ్గర నినాదాలు సాగుతూనే ఉన్నాయి. హైమావతి మాత్రం అలవాటు కొద్దీ పెన్ను తీసి, పుస్తకం వెనక పేజీలు గబగబా తిరగేసి వెతికింది.

"ఇది మెటీరియల్లో లేదేటండీ?"

"లేదమ్మా."

"రేపెప్పుడైనా పరీక్షలో వస్తాదా?"

"ఎప్పుడూ రాదు."

ఆమె పెన్నుకు మూత పెట్టింది. పుస్తకాన్ని మూసి బల్ల కిందికి తోసి, కాళ్లు పైకి లాక్కుని సర్దుకుని కూర్చుంది.

"అయితే మరోపాలి పాడండి," అంది.

ఎవరు రాశారని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. రెండోసారి కాస్త గొంతెత్తి పాడాడు.